గదికి కాదు, కుర్చీకి

నరసాపురం,
ఫిబ్రవరి 9.

చిరంజీవి చంద్రానికి మీ బావ జానకిరామ్ ఆశీస్సులు.

ఉత్తరం చూసి కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు, నా ఫోనుకి తప్ప. మొన్న సఖినేటిపల్లి వెళ్తూ, అవతలి ఒడ్డుకి దాటించే పంటు మీద నుంచి గోదావరిని ఫొటో తీద్దామని చెయ్యి చాపాను. గోదావరి ఆ ఫోను నాకే ఇస్తున్నాడు కాబోలు అనుకుని తీసేసుకుంది. ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది మీ అక్క చేతిలో ఉంటుంది. నీకు పంపే మెసేజీ ముందు సత్యవాణి చదువుతుంది, ఆ తర్వాత నువ్వు చదువుతావు. ఈ సంగతి ఆవిడ చదవకూడదు. అందుకని పోస్టాఫీసుకి వెళ్ళి కవరు అడిగాను. అక్కడున్న అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "కోర్టు నోటీసా అండి?" అంది. బావమరిదికి మామూలు ఉత్తరమమ్మా అన్నాను. నమ్మలేదు.

అసలు సంగతేంటంటే, మా పెరట్లో లేసు గోడౌను ఉంది కదా. నేను లేసు వ్యాపారం ఆపేశాక దాన్ని పావురాలు నడుపుతున్నాయి. వాటిని ఖాళీ చేయించి, సున్నం వేయించి, గోడకి పెద్ద టీవీ పెట్టించాను. స్పీకర్లు కూడా ఉన్నాయి. ఇక అడుగు శబ్దం, అదే డోలు మోతలా బరువుగా దద్దరిల్లే శబ్దం, ఇచ్చే పెట్టె ఒకటి కావాలి. సబ్‌వూఫర్ అంటారట. పెద్దాపురంలో మైకు సెట్టు నడుపుతూ జాతరలనీ పెళ్ళిళ్ళనీ అదరగొట్టేవాడివి, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

నాకు కావలసింది ఒకటే. డైలాగులు అర్థం కాకపోయినా పర్లేదు, పాటలో మాటలు పోయినా పర్లేదు. మీ అక్క కూర్చునే కుర్చీలో ఒళ్ళు అదరాలి. అంతే.

జవాబు ఇంటికి రాయకు. రేవులో వెంకన్న టీ కొట్టు పేరున రాయి. వాడికి చదువు వచ్చు గానీ ఓపిక లేదు, కాబట్టి మన రహస్యం భద్రం.

మీ బావ,
జానకిరామ్.


పెద్దాపురం,
ఫిబ్రవరి 17.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందిందండి. మా వీధి పోస్టుమాన్ దాన్ని నా చేతిలో పెట్టి, నేను చదివేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. వాడికీ కుతూహలమే మరి, ఈ రోజుల్లో చేత్తో రాసిన ఉత్తరం వస్తే.

పెట్టె కొనడం ఎంతసేపండి. ముందు నాకు కొన్ని సంగతులు తెలియాలి. గోడౌను పొడుగెంత, వెడల్పెంత, ఎత్తెంత? కింద నేల ఏంటి, పైన కప్పు ఏంటి? తలుపులు మూస్తారా, తెరిచి ఉంచుతారా? అక్క కుర్చీ ఎక్కడ? కుర్చీ జరపడానికి వీలుందా?

ఇంకోటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. నా ముప్ఫయ్యేళ్ళ మైకు సెట్టులో ప్రతివాడూ ఒకటే అడిగాడు, మాట స్పష్టంగా వినపడాలీ అని. మాట పోయినా పర్లేదు, అడుగు శబ్దం చాలు అన్నవాళ్ళు మీరొక్కరే. మీరు చూసే సినిమాల్లో మాటలు అంత ఘోరంగా ఉంటాయా?

ఆఖరిమాట. అక్కకి నా మీద కోపం వచ్చిందా అండి? పోయినేడు అమ్మవారి జాతరకి వచ్చి లోపల గదిలోనే కూర్చుంది. అమ్మవారి గరగ కుండ నెత్తిన పెట్టుకుని డోళ్ళతో మన గుమ్మంలోకి వచ్చినప్పుడు పసుపునీళ్ళు పొయ్యాల్సింది ఆడపడుచు. అక్క లేవలేదు. ఆఖరికి మా ఆవిడ పోసింది. అప్పటినుంచి ఫోను ఎత్తదు, బొటనవేలి బొమ్మ పంపి ఊరుకుంటుంది. నలభయ్యేళ్ళు అక్క చేతిమీదుగా పడిన నీళ్ళండి అవి. ఈ ఆషాఢంలో కూడా రాకపోతే నేను ఆ గుమ్మంలో నిలబడలేను. నా వల్ల తప్పు జరిగితే చెప్పండి. జాతరకి పెట్టిన చీర నచ్చలేదా?

మీ చంద్రరావు.


నరసాపురం,
ఫిబ్రవరి 26.

చంద్రానికి,

నువ్వు అడిగినవన్నీ టేపు పట్టి కొలిచాను. పొడుగు నలభై అడుగులు, వెడల్పు పాతిక, ఎత్తు పద్నాలుగు. పైన పెంకులు, కింద నాపరాళ్ళు. తలుపులు మూస్తే మూసుకుంటాయి, తెరవాలంటే ఇద్దరు కావాలి. కుర్చీ సరిగ్గా గది నడిమధ్యన ఉంది. జరపడానికి వీల్లేదు. కప్పులో అద్దం పెంకు ఉన్నది అక్కడే, లేసు అల్లడానికి వెలుతురు పడేది అక్కడే. వ్యాపారం ఆపింది నేను గానీ మీ అక్క కాదు. ఆ వెలుతురు ఎంత దూరం పాకితే అంత దూరం కుర్చీ పాకుతుంది, దాటి ఒక్క జాన కూడా రాదు.

మొన్న రాజమండ్రి వెళ్ళినప్పుడు ఒక పెద్ద షాపులోకి దూరాను. ఏసీ గదిలో సోఫా మీద కూర్చోబెట్టి ఏదో హెలికాప్టర్ సినిమా పెట్టారు. గుండెల్లోంచి హెలికాప్టర్ లేచినట్టయింది. "వెయ్యి వాట్స్ సార్" అన్నాడు కుర్రాడు. మా గది కొలతలు చెప్పాను. కాసేపు ఆలోచించి, "సార్, మీది ఇల్లా, కల్యాణ మండపమా?" అన్నాడు. మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

కోపం సంగతి అడిగావు. మీ అక్కకి కోపం వస్తే ముందు నా మీదే ఖర్చయిపోతుంది, పెద్దాపురం దాకా మిగలదు. చీర కూడా బాగానే ఉంది, బీరువాలో ఉంది. జాతర ఇంకా దూరం కదా, చూద్దాం.

ఆవిడ బాగానే ఉంది. కాస్త ధ్యానం ఎక్కువైంది అంతే. మొన్న వంటింట్లో కుక్కరు కూసి కూసి అలిసిపోయి పప్పు మాడింది, ఈవిడ పక్కనే కూర్చుని దారం ఉండ చుట్టుకుంటోంది. అదే రేవులో పంటు ఇంజను స్టార్టు చేస్తే మాత్రం, అందరికంటే ముందు తలెత్తి "పంటు కదిలింది" అంటుంది. రేవు ఇక్కడికి ఎంత దూరమో నీకు తెలుసు. ఏం చెవులో ఏంటో.

ఈ ఆఖరి నాలుగు లైన్లూ కొట్టేద్దామనుకున్నాను గానీ కవరులో పెట్టేశాను. పెట్టె సంగతి చూడు.

జానకిరామ్.


పెద్దాపురం,
మార్చి 8.

బావగారికి,

వెయ్యి వాట్స్ అని పెట్టె మీద రాయడానికి రంగు ఉంటే చాలండి, కరెంటు అక్కర్లేదు. ఆ షాపువాడి గది చిన్నది, అందుకే హెలికాప్టర్ లేచింది. మీ గోడౌనులో అదే పెట్టె పెడితే దోమ కూడా లేవదు. సన్నటి శబ్దం వెలుతురు లాంటిది, చూపించిన వైపు పోతుంది. అడుగు శబ్దం వరదనీరు లాంటిది. ముందు గదంతా నిండాలి, ఆ తర్వాతే మనకి తగులుతుంది. మీ గది నిండాలంటే మాటలా!

అందుకని కొనకుండానే ఒక ప్రయత్నం చేద్దాం. మా జాతర సెట్టులో పద్దెనిమిది అంగుళాల పెట్టెలున్నాయి. ఒకటి మీ వైపు ఖాళీగా వచ్చే కొబ్బరికాయల లారీలో పంపుతున్నాను. ఆంప్లిఫయరు, వైర్లు అందులోనే ఉన్నాయి. నలుగురు పట్టి దింపండి. మీరు పట్టకండి, చూస్తూ ఉండండి, అది మీకు బాగా వచ్చు.

మూలన పెట్టి చూడండి. కుర్చీలో సరిగ్గా తగలకపోతే ఇలా చెయ్యండి. పెట్టెని తీసుకెళ్ళి అక్క కుర్చీ ఉన్న చోట పెట్టండి. పాట పెట్టి, మీరు చేతులూ మోకాళ్ళూ ఆన్చి గోడల వెంబడి పాకండి. చెవి కుర్చీ ఎత్తులో ఉండాలి. ఎక్కడ గట్టిగా తగిలితే అక్కడ సుద్దతో గీత గీసి, పెట్టె అక్కడ పెట్టాలి. నవ్వకండి, అందరూ ఇలాగే చేస్తారు. పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా పాకుతారు.

నిన్న అక్కకి ఫోను చేశాను. అదృష్టం, ఎత్తింది. ఎత్తగానే, "నేను బాగున్నానురా, నువ్వు బాగున్నావా, సరే ఉంటాను" అని పెట్టేసింది. నేనింకా నోరు తెరవలేదండి.

బావగారూ, మీరు నా దగ్గర ఏదో దాస్తున్నారు.

చంద్రరావు.


నరసాపురం,
మార్చి 21.

చంద్రం,

నీ పెట్టె దిగింది. అది పెట్టె కాదయ్యా, చిన్న సైజు గర్భగుడి. లారీ క్లీనరు, వెంకన్న, ఇంకో ఇద్దరు పట్టారు. నేను నువ్వు చెప్పినట్టే చూశాను.

మూలన పెట్టి పాట పెట్టాను. మిగిలిన పావురాలు ఆ నిమిషమే ఊరు మారిపోయాయి. పెంకుల మీంచి పాతికేళ్ళ దుమ్ము దిగింది. పక్కింటి సంపూర్ణమ్మగారు ఆవకాయ జాడీ చంకన పెట్టుకుని వీధిలోకొచ్చి, "జానకిరామూ, తుఫానా, బాంబులా?" అంది. "సంగీతం పిన్నీ" అన్నాను. "ఎవరు చచ్చారు?" అంది.

ఊరంతటికీ తగిలింది. ఒక్క మీ అక్క కుర్చీలో తప్ప. నేను స్వయంగా అందులో కూర్చుని చూశాను. చిత్రం ఏంటంటే గోడల దగ్గర అదిరిపోతోంది, మధ్యకొచ్చేసరికి శబ్దాన్ని ఎవరో తుడిచేసినట్టు ఉంది. ఆవిడ లేసు అల్లుకుంటూనే ఉంది. తలెత్తలేదు.

సరే, నువ్వు చెప్పినట్టు పెట్టెని కుర్చీ చోటికి లాగించి నేను పాకాను. ఈ వయసులో నేల మీద సుద్దముక్క పట్టుకుని గోడ వెంబడి పాకుతూ, ప్రతి నాలుగడుగులకీ ఆగి చెవి రిక్కించి, 'ఆ, ఇక్కడ' అని గీత గీస్తున్నాను. మూడో మూల తిరిగేసరికి ఎదురుగా రెండు పాదాలు. మీ అక్క.

"ఏం పోయింది?" అంది.

"ఉంగరం" అన్నాను. నా వేలికి ఉంగరం ఉంది. అది చూసింది, నన్ను చూసింది. ఇంకేం అడక్కుండా తనూ కూర్చుని నాతోపాటు వెతికింది. పాపం, అలా చాలాసేపు, గది మధ్యన పెట్టె దాకా. అంత మోతలో, అంత దగ్గర్లో, ఆ పెట్టె వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. వీపు దానివైపే పెట్టింది.

లేచేటప్పుడు మాత్రం చెయ్యి పెట్టె మీద ఆన్చింది. ఆన్చిన చెయ్యి కాసేపు తియ్యలేదు. నేనేదో చెప్పబోయాను. చెయ్యి తీసేసుకుని వెళ్ళిపోయింది.

నేను నీ దగ్గర దాస్తున్నానన్నావు. నిజమే. మీ అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. నేను ఇంతవరకూ ఆవిడతో చాలా అబద్ధాలాడాను గానీ ఒట్టు తప్పలేదు. నన్ను అడక్కు.

జానకిరామ్.


పెద్దాపురం,
మార్చి 29.

బావగారూ,

అడగనండి. మీరు చెప్పొద్దు కూడా. నేనే చెప్తాను. నేను కనిపెడితే మీ ఒట్టుకి దెబ్బ తగలదు.

అక్కకి చెవులు వినపడట్లేదు.

ఉత్తరం పట్టుకుని నా మైకు సెట్టు కొట్టు ముందు స్టూలు మీద కూర్చుండిపోయాను. కుక్కరు వినపడలేదు, పంటు ఇంజను వినపడింది. ఇంతకంటే నాకు ఎవరు చెప్పాలి? మాది చెవులు అరగదీసుకునే పనండి. మా దగ్గర పనిచేసిన గణేష్‌బాబుకి ముందు పిట్టకూత పోయింది, తర్వాత గజ్జెలు, ఆ తర్వాత మనుషుల మాటలు. మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏమన్నాడో తెలీదు. డోలు మాత్రం పోలేదు. పైనుంచి కిందకి పోతుందండి. అన్నిటికంటే ఆఖర్న మిగిలేది అడుగు శబ్దమే. మీరు దాని కోసమే వెతుకుతున్నారని మొదటి ఉత్తరంలోనే నాకు అర్థం కావలసింది. నాకు చీర తప్ప ఇంకేమీ తట్టలేదు చూడండి.

పోయినేడు లోపల గదిలో ఎందుకు కూర్చుందో ఇప్పుడు తెలిసింది. మా ఇంట్లో జాతరంటే యాభైమంది ఒకేసారి మాట్లాడతారు. అందరూ నవ్వితే ఓ క్షణం ఆగి నవ్వాలి. అదెంత కష్టమో.

ఏడవడం అయిపోయిందండి. ఇప్పుడు పని సంగతి. తప్పు నాదే. జాతరవాడిని కాబట్టి జాతరలాగే ఆలోచించాను, ఊరంతా నిండితే ఇల్లు నిండుతుంది అనుకున్నాను. నాలుగు గోడల మధ్య అది కుదరదు. వెళ్ళే మోత, గోడకి తగిలి తిరిగొచ్చే మోత గది నడిమధ్యన ఒకదాన్నొకటి తినేస్తాయి. సరిగ్గా అక్కడే మీ అద్దం పెంకు ఉంది, అక్క ఉంది. అయినా పెట్టె కొనాల్సింది గదికి కాదండి, కుర్చీకి.

చిన్నది చాలు. పన్నెండు అంగుళాలది, గాలి కన్నం లేకుండా అన్ని వైపులా మూసి ఉన్న పెట్టె తీసుకోండి. దానికి మోత తక్కువ, దెబ్బ శుభ్రంగా ఉంటుంది. కుర్చీ వెనకాలే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో పెట్టండి. నాపరాళ్ళ కింద మట్టి ఉంది, అది మొత్తం మింగేస్తుంది. అందుకని కుర్చీకీ పెట్టెకీ కలిపి చెక్కతో ఒక అరుగులాంటిది చేయించండి, కింద బోలుగా ఉండాలి. పాదాల్లోంచి ఎక్కుతుంది.

దీంతో పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. పోయినేడు గరగల వెంట డోళ్ళు మన వీధిలోకి వచ్చినప్పుడు నా మిక్సర్ మీద రికార్డు చేసింది. వీధి మొదట్లో మొదలై మన గుమ్మం దాకా వస్తుంది. అక్కతో ఏమీ చెప్పకండి. పెట్టండి చాలు.

చంద్రరావు.


నరసాపురం,
ఏప్రిల్ 18.

చంద్రం,

నువ్వే కనిపెట్టేశావు కాబట్టి ఇప్పుడు హాయిగా రాయొచ్చు. రెండేళ్ళయింది. డాక్టరు నువ్వు చెప్పినట్టే చెప్పాడు, ఇంగ్లీషులో. మిషను ఇచ్చాడు. అది పెట్టుకుంటే మనిషి మాట కంటే ముందు స్టీలు గిన్నెలు చెవిలో పడతాయట. తీసి బియ్యం డబ్బాలో దాచింది. నీకు ఎందుకు చెప్పొద్దందో తెలుసా? "వాడు ముందు ఏడుస్తాడు, తర్వాత నా చెవి దగ్గర మైకు పెట్టి అరుస్తాడు" అంది.

నీ మోటు పెట్టె తిరుగు లారీలో పంపాను. సంపూర్ణమ్మగారు దానికి దగ్గరుండి హారతి ఇచ్చినంత పని చేసింది.

రాజమండ్రి వెళ్ళాను. మళ్ళీ ఆ కుర్రాడే. "రూమ్ సైజు ఎంతన్నారు సార్?" అన్నాడు. "రూము వద్దు బాబూ, ఒక కుర్చీ" అన్నాను. వాడు లోపలికి వెళ్ళి ఇంకొకణ్ణి తీసుకొచ్చాడు, నన్ను చూపించడానికి. పన్నెండు అంగుళాలది, మూసి ఉన్నది, నువ్వు చెప్పినట్టే తెచ్చాను.

చెక్క పని పడవలు కట్టే రాముడికి చెప్పాను. "ఎవరు ఎక్కుతారండి?" అన్నాడు. మా ఆవిడ అన్నాను. "ఎక్కడికి వెళ్తారండి?" అన్నాడు. ఎక్కడికీ వెళ్ళదు, అదే కదా బాధ అన్నాను. వాడికేం అర్థమైందో గానీ పాత నావ పలకలు తెచ్చి, కింద అడ్డదూలాలు వేసి, పడవకి కట్టినంత శ్రద్ధగా కట్టాడు. నీళ్ళలో వదిలినా తేలుతుంది.

నిన్న పొద్దున్న అద్దం పెంకులోంచి ఎండ దిగింది. మీ అక్క వచ్చి, అరుగు చూసి, మళ్ళీ ఇదేంటన్నట్టు నన్ను చూసి, ఎక్కి కూర్చుంది. చెప్పులు కింద వదిలింది. లేసు సూది తీసింది. నేను వెనకనుంచి నీ పెన్‌డ్రైవ్ పెట్టాను.

ముందు ఏమీ లేదు. వీధి మొదలు కదా. సూది ఆడుతూనే ఉంది. కాసేపటికి ఆగింది. కాలి వేళ్ళు పలక మీద కొంచెం ముడుచుకున్నాయి. దరువు దగ్గరికి వస్తున్నకొద్దీ పాదాలు రెండూ పలకకి పూర్తిగా ఆన్చింది. లేసు ఒళ్ళోంచి జారింది, తియ్యలేదు. నీ వీధి మలుపులో దరువు మారుతుంది చూశావూ, అక్కడ తలెత్తింది.

"మా కరణంగారి సందు దాటారు" అంది.

ఇంకాసేపటికి గబుక్కున లేచి నిలబడింది. అటూ ఇటూ చూసింది, దేనికోసమో చేతులు చాపింది. అక్కడ ఏమీ లేదు, దారం ఉండ తప్ప. అప్పుడు తెలిసింది నాకు, పసుపునీళ్ళ బిందె కోసం చూస్తోంది.

దరువు అయిపోయాక నా వైపు తిరిగి, "వాడికి చెప్పేశావా?" అంది. లేదు, వాడే కనిపెట్టాడన్నాను. నా పెదాలే చూస్తోంది. "ఏడ్చాడా?" అంది. కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని ఏడ్చాడన్నాను. "వెధవ" అని, ఇంట్లోకి వెళ్ళిపోయింది.

బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది. అన్నానికో, ఇంకెందుకో, నేను అడగలేదు. కవరులో ఇంకో కాగితం ఉంది. అందులో ఏముందో నాకు తెలీదు. చూపించమంటే చెయ్యి మీద కొట్టింది.

జానకిరామ్.


నరసాపురం.

ఒరేయ్ చంద్రం,

మీ బావా నువ్వూ కలిసి వెంకన్న కొట్టు దగ్గర ఉత్తరాలు నడుపుతున్నారని నాకు రెండో ఉత్తరానికే తెలుసు. వెంకన్న పెళ్ళాం నా దగ్గర లేసు నేర్చుకుంటోంది. ఏం రాసుకుంటున్నారో తెలీదు గానీ, ఆయన ఉంగరం వేలికి పెట్టుకుని నేల మీద ఉంగరం వెతుకుతుంటే, ఇది నా గురించేనని అర్థమైంది. అందుకే నేనూ వెతికాను. మనిషి ఒక్కడే పాకుతుంటే బాగుండదు కదా.

నీ మీద నాకు కోపమేమీ లేదు. పోయినేడు గరగ వచ్చినప్పుడు నేను లోపల కూర్చున్నది ఎందుకంటే, పక్కనున్నవాళ్ళు ఏదో అడుగుతారు, నేనేదో చెప్తాను, వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. ఆ మాటల భయంలో డోళ్ళు నాకు వినపడుతున్నాయన్న సంగతే నేను పట్టించుకోలేదు. నిన్న కూర్చుని విన్నాక తెలిసింది. పోయింది మాటలేరా, జాతర పోలేదు.

ఆషాఢానికి వస్తాను. మిషను కూడా తెస్తాను, పెట్టుకుంటానని మాట ఇవ్వను. మాట్లాడేటప్పుడు నా ఎదురుగా నిలబడి మామూలుగా మాట్లాడు. మైకు దగ్గరికి తెచ్చావా, విరిచి పారేస్తాను. మీ ఆవిడకి కూడా నువ్వే చెప్పు, అందరికీ ఒకేసారి చెప్పేస్తే నాకు హాయి. చీర నచ్చలేదు. రంగు మరీ ముసలిది.

గరగ గుమ్మంలోకి వచ్చినప్పుడు నన్ను ఎవరూ లోపలికొచ్చి పిలవక్కర్లేదు. వీధి మొదట్లో ఉండగానే నాకు తెలుస్తుంది. నువ్వు బిందెలో పసుపు కలిపించి గడప పక్కన పెట్టించు చాలు.

మీ అక్క,
సత్యవాణి.